సైనస్‌లో ఫంగస్, ఊపిరితిత్తుల్లో ఫంగస్ గడ్డ: ఏ టెస్టు ముందు, ఏది తర్వాత, ఏది దండగ

సీటీ రిపోర్టు చివర్లో "ఫంగల్ బాల్ అయ్యుండొచ్చు" అని ఒక లైను కనపడగానే ఇంట్లో అందరూ ఫోన్లు పట్టుకుని వెతకడం మొదలుపెడతారు, వెతికితే ముందొచ్చేవి బ్లాక్ ఫంగస్ ఫొటోలు, 2021లో కోవిడ్ సెకండ్ వేవ్ అప్పుడు చూసినవన్నీ గుర్తొచ్చి కన్ను తీసేస్తారేమో అనేదాకా వెళ్లిపోతుంది ఆలోచన. ఇంకోవైపు, "సైనసే కదా, ఆవిరి పడితే పోతుందిలే" అని నెలల తరబడి లాగించేవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ తెలియనిది ఒకటే, ఫంగస్ అనే ఒక్క మాట కింద ఒకదానికొకటి పొంతన లేని జబ్బులు నాలుగైదు ఉన్నాయి. ఒకదానికి ఒక్క రోజు ఆలస్యమైనా ప్రాణం మీదకొస్తుంది, ఇంకోదానికి తీరిగ్గా రెండో డాక్టర్ని కూడా అడిగి ఆపరేషన్ డేట్ పెట్టుకోవచ్చు.

నేను మైక్రోబయాలజీ ల్యాబ్ మనిషిని, డాక్టర్ని కాదు, మందులు చెప్పను. కానీ ఏ శాంపిల్‌తో ఏం తేలుతుందో ఏం తేలదో రోజూ చూస్తుంటాను కాబట్టి టెస్టుల మధ్య ఎలా ఎంచుకోవాలో రాస్తున్నా. నా ఉద్దేశం ముందే చెప్పేస్తా. ఫంగస్ ఖాళీ జాగాలో ఊరికే కూర్చుందా, కండలోకి దిగిందా, లేదంటే ఒళ్లు దానిమీద అలర్జీతో తిరగబడుతోందా, ఈ మూడింట్లో ఏదో తేల్చే టెస్టే మీకు కావాల్సిన టెస్టు. మిగతావి ఎంత ఖరీదైనవైనా సరే, ఎంత పెద్ద పేరున్నా సరే, తర్వాత సంగతి.

అసలు ఈ గడ్డ ఎలా కడుతుంది

ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ స్పోర్లు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మనందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, అవి 2-3 మైక్రాన్ల సైజులో ఉంటాయి కాబట్టి ఊపిరితిత్తుల చివరిదాకా వెళ్లగలవు. మామూలు మనిషిలో ఒళ్లే వాటిని ఎప్పటికప్పుడు శుభ్రం చేసేస్తుంది. ఎక్కడైనా గాలి సరిగ్గా ఆడని, మ్యూకస్ బయటకు పోని ఒక మూల దొరికితే మాత్రం అక్కడ సన్నటి దారాలుగా పెరిగి, చచ్చిన కణాలు, మ్యూకస్ అన్నీ కలుపుకుని ఉండకడుతుంది. అదే ఫంగస్ బాల్. ఊపిరితిత్తుల్లో ఉంటే ఆస్పర్‌జిల్లోమా అంటారు. గడ్డ అంటే క్యాన్సర్ గడ్డ లాంటిది కాదు, ఇందులో మన కండ పెరగదు, మొత్తం ఫంగస్సే, పక్కన గోడలోకి చొరబడదు. చొరబడితే దాని పేరు మారిపోతుంది, వైద్యం మారిపోతుంది, తొందర కూడా మారిపోతుంది.

సైనస్‌లో అయితే ఎక్కువగా బుగ్గ ఎముక లోపలుండే మాక్సిలరీ సైనస్‌లో, అదీ ఒక్కవైపే వస్తుంది. తర్వాత స్థానం తల మధ్యలో లోతుగా ఉండే స్ఫీనాయిడ్‌ది. నడివయసు దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. చాలామందికి తెలియని లింకు ఒకటుంది, పైదవడ వెనక పళ్లకి రూట్ కెనాల్ చేసినప్పుడు నింపే జింక్ ఉన్న పదార్థం వేరు చివర దాటి సైనస్‌లోకి పోతే అక్కడ ఫంగస్ పెరగడానికి వీలవుతుందని చాలాకాలంగా చెప్తున్నారు. కాబట్టి ఈఎన్‌టీ దగ్గరకి వెళ్లినప్పుడు ఏ వైపు పళ్లకి ఏం చేయించుకున్నారో చెప్పండి, ఎప్పుడో పదేళ్ల కిందటిదైనా సరే.

ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టాలంటే ముందు ఒక గుహ లాంటి ఖాళీ ఉండాలి, రిపోర్టుల్లో క్యావిటీ అని రాసేది అదే. దానికి ముఖ్య కారణం పాత టీబీ. తర్వాత సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న వాపు గడ్డలు కట్టే జబ్బు), బ్రాంకియెక్టాసిస్ (గాలిగొట్టాలు సాగిపోయి వెడల్పుగానే ఉండిపోవడం), గాలి బుడగల్లాంటి బుల్లాలు, మానిపోయిన చీము గడ్డలు. బ్రిటన్‌లో 1960ల్లో టీబీ తగ్గాక కూడా క్యావిటీలు మిగిలిపోయిన 544 మందిని చూస్తే వాళ్లలో 11 శాతం మందికి ఎక్స్‌రేలో ఫంగస్ గడ్డ కనపడింది. అంటే టీబీ తగ్గిపోయింది, మందులు పూర్తయ్యాయి అనుకున్నవాళ్లలోనే ఇది వచ్చి కూర్చుంటుంది.

సైనస్‌కి: ఎక్స్‌రేనా, సీటీనా, ఎమ్మారైనా

ఎక్స్‌రే గురించి ఒక్క మాటే, సైనస్ ఎక్స్‌రే ఈ పనికి దండగ. ఒకవైపు తెల్లగా ఉంది అని మాత్రమే చెప్తుంది, అది చీమా, పాలిపా (ముక్కు పొర వాచి వేలాడే మెత్తటి బుడిపె), ఫంగస్సా, ట్యూమరా అన్నది దాంట్లో తేలదు, ఎలాగూ మళ్లీ సీటీ రాస్తారు.

సీటీ, ఎమ్మారై మధ్య మాత్రం చాలామంది తికమకపడతారు, ఎమ్మారై ఖరీదు ఎక్కువ కాబట్టి అదే మంచిదనుకుంటారు. ఫంగస్ బాల్ అనుమానం ఉంటే ముందు చేయించాల్సింది కాంట్రాస్ట్ లేని మామూలు సీటీ. గడ్డలో కాల్షియం పేరుకుంటుంది కాబట్టి సైనస్ మొత్తం మసగ్గా నిండి, మధ్యలో తెల్లటి చుక్కలు, గీతలు కనపడతాయి, చుట్టూ ఎముక గోడ చాలాకాలం ఒరుసుకుని మందమై ఉంటుంది. ఒకవైపు సైనస్, మధ్యలో తెల్లచుక్కలు, మందమైన గోడ, ఈ మూడూ కలిసి కనపడితే రేడియాలజిస్ట్ ధైర్యంగా ఫంగస్ బాల్ అని రాసేస్తారు. అదే గడ్డ ఎమ్మారైలో టీ2 అనే రకం ఫొటోల్లో నల్లగా వస్తుంది, ఎందుకంటే గడ్డలో నీళ్లు తక్కువ, కాల్షియం, ఇనుము, మాంగనీస్ లాంటివి ఎక్కువ. గాలి కూడా ఎమ్మారైలో నల్లగానే వస్తుంది. అంటే ఎమ్మారై ఒక్కటే చేయించుకుంటే నిండిపోయిన సైనస్‌ని ఖాళీ సైనస్ అనుకునే ప్రమాదం ఉంది. మరి ఎమ్మారై దేనికి అంటే, కంట్లోకో మెదడు వైపో పాకిందేమో చూడ్డానికి, ట్యూమర్ అనుమానం ఉన్నప్పుడు. అప్పుడు దాన్ని మించింది లేదు, అదీ కాంట్రాస్ట్‌తో తీస్తేనే.

అలర్జీ రకం వేరుగా ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లు, ముక్కులో పాలిప్స్, ఆస్తమా లేదా తుమ్ముల చరిత్ర, సీటీలో ఒక సైనస్ కాకుండా చాలా సైనస్‌లు నిండి ఎముకని బయటకి తోసేసినట్టు ఉబ్బి ఉంటాయి, లోపల జిగటగా చిక్కటి మ్యూకస్. దీనికి 1994లో బెంట్, కూన్ అనే ఇద్దరు డాక్టర్లు ఐదు గుర్తులు పెట్టారు, ఇప్పటికీ వాటినే వాడుతున్నారు: ఫంగస్‌కి అలర్జీ ఉండటం, పాలిప్స్, సీటీలో ఆ ప్రత్యేకమైన రూపం, ఈసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్లకణాలు) ఉన్న మ్యూకస్, అందులో ఫంగస్ కనపడినా కండలోకి దిగకపోవడం. ఈ రకానికి రక్తంలో ఐజీఈ, అంటే అలర్జీలో పెరిగే యాంటీబాడీ, చూడటంలో అర్థముంది. ఒంటరి ఫంగస్ బాల్‌కి ఐజీఈ చేయిస్తే ఏమీ తేలదు, నార్మల్ వచ్చినా గడ్డ గడ్డే.

ఇక అసలు భయపడాల్సింది కండలోకి దిగే రకం. షుగర్ బాగా పెరిగి కీటోన్లు వచ్చినవాళ్లు, కీమో వల్ల తెల్లకణాలు పడిపోయినవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, ఎక్కువ డోసు స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, వీళ్లకి ముఖం ఒకవైపు తిమ్మిరిగా ఉన్నా, కన్ను వాచినా, ఒకటి రెండుగా కనపడుతున్నా, అంగిట్లో నల్ల మచ్చ వచ్చినా, పళ్లు ఉన్నట్టుండి కదిలినా, ఇక్కడ పోలికలు, ఎంపికలు ఏమీ లేవు, అదే రోజు ఈఎన్‌టీ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లడమే. ఒక మోసం ఏంటంటే, ఈ రకంలో మొదటి రోజుల్లో సీటీ చూడ్డానికి ఏమంత భయంకరంగా ఉండదు, ఒకవైపు పొర కొంచెం వాచినట్టు ఉంటుందంతే, ఎముక తినేయడం తర్వాత కనపడుతుంది. కాబట్టి "సీటీ పెద్దగా లేదుగా" అని ఇంటికొచ్చేయకండి. కాంట్రాస్ట్ ఎమ్మారైలో రక్తం అందని చోటు రంగెక్కకుండా నల్లగా మిగిలిపోతుంది, అది పెద్ద గుర్తు. అయినా స్కాన్ డేట్ కోసం ఆగరు, ముక్కులోకి ఎండోస్కోప్ పెట్టి, పాలిపోయిన చోటో నల్లబడిన చోటో చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపిస్తారు.

ముక్కు స్వాబా, ముక్క తీయడమా

ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. ముక్కులో దూది పుల్ల పెట్టి తీసిన స్వాబ్‌ని ఫంగస్ కల్చర్‌కి (ల్యాబ్‌లో ప్లేటు మీద పెంచి చూడటానికి) పంపడం అంటే డబ్బులూ టైమూ రెండూ పోగొట్టుకోవడం. ఏ జబ్బూ లేని మనుషుల ముక్కులో కూడా ఫంగస్ స్పోర్లు ఉంటాయి కాబట్టి పాజిటివ్ వచ్చినా దానికి విలువ లేదు, అసలు జబ్బు లోపలెక్కడో ఉంటే స్వాబ్ దాన్ని ముట్టుకోదు కాబట్టి నెగటివ్ వచ్చినా ధైర్యం లేదు. కావాల్సింది సైనస్ లోపల్నుంచి తీసిన పదార్థం, దాంతోపాటు పక్కన పొర ముక్క. ఈ రెండోది ముఖ్యం, ఎందుకంటే గడ్డ ఒక్కటే పంపిస్తే అది ఫంగస్ అని చెప్పగలం గానీ పొరలోకి దిగిందో లేదో ఎలా చెప్తాం.

ఫంగస్ బాల్ శాంపిల్ వచ్చిందంటే డబ్బా మూత తీయగానే తెలిసిపోతుంది, గోధుమ రంగో పచ్చ కలిసిన నలుపో ఉండి, ఆరిపోతున్న బంకమట్టిలా పెళ్లలు పెళ్లలుగా విరుగుతుంది, ఒక్కోసారి వాసన కూడా గట్టిగానే ఉంటుంది. దాంట్లోంచి గుండుసూది తలంత ముక్క స్లైడ్ మీద పెట్టి కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రవం) చుక్క వేసి కవర్‌స్లిప్ మూసి కాసేపు ఆగితే కణాలన్నీ కరిగిపోయి ఫంగస్ దారాలు మాత్రం మిగులుతాయి. సన్నగా, ఒకే వెడల్పుతో, మధ్యమధ్యలో అడ్డుగోడలతో, 45 డిగ్రీల దగ్గర రెండుగా చీలుతూ పోతుంటే ఆస్పర్‌జిల్లస్ రకం. వెడల్పుగా, మడతలు పడుతూ, అడ్డుగోడలు దాదాపు లేకుండా, కొమ్మ ఇంచుమించు లంబంగా బయటకి వస్తుంటే మ్యూకర్ రకం, అదే జనం బ్లాక్ ఫంగస్ అనేది. ఇది గంటలో తేలిపోయే టెస్టు, చవకైన టెస్టు, మందు ఏది మొదలెట్టాలో దీనిమీదే ఆధారపడుతుంది, ఎందుకంటే ఆస్పర్‌జిల్లస్‌కి పనిచేసే వోరికొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు, దానికి యాంఫోటెరిసిన్ కావాలి. ఎమర్జెన్సీలో ఏ ఒక్క ల్యాబ్ టెస్టు ఎంచుకోవాలి అని నన్నడిగితే కేఓహెచ్ అనే చెప్తా.

కల్చర్ అలా కాదు. ఆస్పర్‌జిల్లస్ రెండు నుంచి ఐదు రోజుల్లో ప్లేటు మీద కనపడుతుంది, కానీ నెగటివ్ అని చెప్పడానికి వారాలు ఆగాలి. పైగా గడ్డలో చాలాభాగం చచ్చిన ఫంగస్సే కాబట్టి స్లైడ్ మీద కుప్పలు తెప్పలుగా దారాలున్నా కల్చర్‌లో ఏమీ పెరక్కపోవడం చాలా మామూలు. కల్చర్ నెగటివ్ అంటే ఫంగస్ లేదు అని కాదు. పెరిగితే మాత్రం లాభం, ఏ జాతో తెలుస్తుంది, మందు పనిచేస్తుందో లేదో చూడొచ్చు.

హిస్టోపాథాలజీ, అంటే తీసిన ముక్కని పలచగా కోసి రంగు వేసి మైక్రోస్కోపులో చూడటం, ఈ మూడింట్లో పెద్దది, ఎందుకంటే కండలోకి దిగిందా లేదా అన్నది చెప్పగలిగేది అదొక్కటే. మామూలు రంగులతో పాటు పాస్, సిల్వర్ అనే ప్రత్యేక రంగులు వేస్తారు, సిల్వర్‌లో ఫంగస్ గోడ నల్లగా ఎక్కుతుంది. రిపోర్టులో మీరు వెతకాల్సిన మాట "టిష్యూ ఇన్వేజన్ లేదు" అన్నది. అది స్పష్టంగా రాసి ఉంటే సగం బరువు దిగినట్టే. రాయకపోతే సిగ్గుపడకుండా అడగండి.

ఇప్పుడు అసలు విషయం. ఆపరేషన్ అయ్యాక మొత్తం పదార్థం ఒకే ఫార్మలిన్ డబ్బాలో వేసి పంపించేస్తారు, దానిమీద కల్చర్ అని రాసి ఉంటుంది. ఫార్మలిన్‌లో పడ్డ ఫంగస్ చచ్చిపోతుంది, ఇక ఏం పెంచమంటారు? రెండు డబ్బాలు ఉండాలి, ఫార్మలిన్ డబ్బా హిస్టోపాథాలజీకి, సెలైన్ డబ్బా మైక్రోబయాలజీకి. ఆపరేషన్ ముందురోజే మీ డాక్టర్‌తో "కల్చర్‌కి సెలైన్‌లో వేరేగా పంపిస్తారు కదండీ" అని ఒక్క మాట అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. మళ్లీ శాంపిల్ తీయాలంటే మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్.

ఊపిరితిత్తులకి: ఇక్కడ లెక్క వేరు

సైనస్‌లో అయితే గడ్డ తీయడం, ల్యాబ్‌కి పంపడం ఒకేసారి అయిపోతాయి. ఊపిరితిత్తుల్లో అలా కుదరదు, గడ్డ దగ్గరకి వెళ్లడమే కష్టం, వెళ్తే రక్తం పడే భయం, అందుకే ఇక్కడ ఫొటో, రక్తపరీక్ష రెండూ కలిపి ముక్క తీయకుండానే తేల్చడానికి చూస్తారు.

ఎక్స్‌రే ఇక్కడ మాత్రం పనికొస్తుంది. ఊపిరితిత్తి పైభాగంలో గుండ్రటి గడ్డ, దానిపైన నెలవంకలా గాలి గీత. సీటీలో ఇంకా బాగా కనపడుతుంది, అనుమానం ఉంటే వెల్లకిలా ఒకసారి బోర్లా ఒకసారి పడుకోబెట్టి తీస్తారు, గడ్డ వదులుగా ఉంటే కిందికి దొర్లుతుంది. దొర్లితే అది గోడకి అంటుకున్న క్యాన్సర్ కాదనడానికి మంచి ఆధారం. దొర్లకపోతే ఏమీ తేలనట్టే, గోడకి అతుక్కున్న ఫంగస్ గడ్డలూ ఉంటాయి. నెలవంక గాలి గీత చూసి వెంటనే గడ్డే అనేయకూడదు, కీమో తీసుకున్నవాళ్లలో కండలోకి దిగిన ఆస్పర్‌జిల్లస్ తగ్గుముఖం పడుతున్నప్పుడూ అలాంటి గీతే వస్తుంది, గడ్డకట్టిన రక్తం, హైడాటిడ్ సిస్ట్, క్యావిటీ పడ్డ క్యాన్సర్ కూడా ఆ వేషం వేయగలవు.

ఈ సందర్భంలో మీ దగ్గరుండే పాత ఎక్స్‌రేలు కొత్త స్కాన్ కంటే విలువైనవి కావొచ్చు. రెండేళ్ల కిందట అక్కడ ఖాళీ క్యావిటీ ఉంది, ఇప్పుడు నిండింది అంటే కథ సగం తెలిసిపోయినట్టే. అదే చోట ఏమీ లేకుండా ఇప్పుడు కొత్తగా గోడ మందమైన క్యావిటీ వచ్చిందంటే డాక్టర్ ముందు క్యాన్సర్ వైపు చూస్తారు. టీబీ అప్పటి ఫిల్ములు పరుపు కింద పెట్టి ఉంటే తీసి పట్టుకెళ్లండి, పారేయకండి. పెట్ స్కాన్ గురించి అడుగుతారు, ఫంగస్ గడ్డ కూడా పెట్‌లో వెలుగుతుంది, క్యాన్సర్ కూడా వెలుగుతుంది, కాబట్టి ఈ రెండింటి మధ్య తేల్చడానికి పెట్ పెద్ద సాయం కాదు.

రక్తపరీక్షల్లో జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ (చాలాకాలంగా ఉన్న ఫంగస్ మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ), ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ, గెలాక్టోమానన్ (ఆ ఫంగస్ గోడలో ఉండే పదార్థం), మూడూ ఆస్పర్‌జిల్లస్ పేరుతోనే ప్యాకేజీల్లో ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి చేయించేసి నెగటివ్ వచ్చింది, హమ్మయ్య అనుకుంటారు. గడ్డకీ, చాలాకాలంగా ఉన్న ఫంగస్ జబ్బుకీ కావాల్సింది ఐజీజీ. ఈ జబ్బు ఉన్నవాళ్లలో పదింట తొమ్మిది మందికి దాకా పాజిటివ్ వస్తుంది. నెగటివ్ రావడానికి కూడా కారణాలుంటాయి, టెస్టు కిట్లు ఎక్కువగా ఫ్యూమిగేటస్ అనే జాతి మీద తయారైనవి, మీకు ఉన్నది నైగరో ఇంకోటో అయితే పట్టుకోకపోవచ్చు, ఇమ్యూనిటీ బాగా తక్కువున్నవాళ్లకి యాంటీబాడీ తయారవకపోవచ్చు. ఒక్కో కిట్‌కి ఒక్కో కటాఫ్ కాబట్టి మందు వాడాక తగ్గిందో లేదో చూసుకోవాలంటే అదే ల్యాబ్‌లో చేయించుకోండి, వేరే ల్యాబ్ నంబర్‌తో పోల్చుకుని గాబరా పడొద్దు.

ఐజీఈ అలర్జీ రకానికి, అంటే ఆస్తమా ఉండి మందులకి లొంగకుండా, గోధుమరంగు గట్టి కళ్లె ముద్దలు పడుతుంటే చూసే ఏబీపీఏ అనే జబ్బుకి. దానికి టోటల్ ఐజీఈ కటాఫ్ ఇదివరకు 1000 ఉండేది, 2024లో సవరించిన పద్ధతిలో 500కి దించారు, ఆస్పర్‌జిల్లస్‌కి ప్రత్యేకమైన ఐజీఈ 0.35 దాటాలి. రక్తంలో గెలాక్టోమానన్ కీమో వార్డుల్లో, తెల్లకణాలు పడిపోయినవాళ్లకి పనికొచ్చే టెస్టు. గడ్డ ఒక క్యావిటీలో మూలన కూర్చుంటే రక్తంలోకి అది పెద్దగా రాదు, కాబట్టి గడ్డ అనుమానానికి రక్తం గెలాక్టోమానన్ చేయించడం నా లెక్కలో వృథా. బ్రాంకోస్కోపీ చేసి ఊపిరితిత్తుల్లోంచి కడిగి తీసిన నీళ్లలో చేస్తే మాత్రం ఉపయోగం ఎక్కువ. మ్యూకర్ అయితే గెలాక్టోమానన్ ఎక్కడ చేసినా పాజిటివ్ రాదు, అది ఆ ఫంగస్ గోడలో ఉండదు.

కళ్లె కల్చర్ చేయించండి, తప్పులేదు, కానీ దానొక్కదాన్నే నమ్ముకోకండి. పాజిటివ్ వస్తే గాల్లోంచి వచ్చిన స్పోరో అసలు జబ్బో తెలీదు, గడ్డ దారి మూసుకుని ఉంటే కళ్లెలోకి ఫంగస్ రాదు కాబట్టి నెగటివ్ వచ్చినా ఏమీ కాదు. సీటీ, ఐజీజీ రెండూ ఒకే మాట చెప్తుంటే కళ్లె దానికి తోడు సాక్ష్యం, అంతే.

టీబీ మళ్లీ వచ్చిందా, ఫంగస్సా

ఇది విడిగా చెప్పాలి. దగ్గు, బరువు తగ్గడం, నీరసం, దగ్గితే రక్తం, టీబీకీ ఇవే, క్యావిటీలో పెరిగే ఫంగస్‌కీ ఇవే. పాత టీబీ మనిషికి మళ్లీ ఇవి మొదలైతే కళ్లెలో టీబీ పురుగు కనపడకపోయినా "మళ్లీ తిరగబెట్టింది" అని రెండోసారి, మూడోసారి టీబీ మందులు మొదలవుతుంటాయి, తగ్గక మనిషి ఇంకా నీరసిస్తాడు. కళ్లె పరీక్ష, జీన్‌ఎక్స్‌పర్ట్ లాంటి టెస్టులు నెగటివ్ వచ్చి, ఎక్స్‌రేలో పాత క్యావిటీ ఉండి, లక్షణాలు మూడు నెలలు దాటాయంటే ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ అడగాల్సిన సమయం వచ్చినట్టే. తిరకాసు ఒకటుంది, టీబీ మందులు అయిపోయాక కొంతకాలం దాకా చచ్చిన పురుగుల వల్ల కూడా జీన్‌ఎక్స్‌పర్ట్ పాజిటివ్ రావొచ్చు, అప్పుడు టీబీ కల్చర్ చేయించి బతికున్నాయో లేదో చూడాలి. రెండు జబ్బులూ కలిసి ఉండటం కూడా ఉంది. అలాంటప్పుడు ఇంకో చిక్కు, రిఫాంపిసిన్ వాడుతుంటే ఇట్రాకొనజోల్, వోరికొనజోల్ రక్తంలో నిలబడవు, లివర్ వాటిని గబగబా తీసిపారేస్తుంది, మందు మింగుతున్నా మింగనట్టే. ఇద్దరు డాక్టర్లు రెండు చీటీలు రాసి ఒకరి సంగతి ఒకరికి తెలియనప్పుడు జరిగేది ఇదే, రెండు చీటీలూ ఇద్దరికీ చూపించండి.

ముక్క తీయాలా వద్దా

సీటీలో గడ్డ స్పష్టంగా ఉంది, ఐజీజీ పాజిటివ్, పాత టీబీ ఉంది, అయితే సూది పెట్టి ముక్క తీయాల్సిన పని సాధారణంగా ఉండదు. క్యావిటీ గోడలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, గుచ్చితే రక్తం పడొచ్చు. గోడ ఒకచోట ఎగుడుదిగుడుగా మందంగా ఉంది, మనిషి ఏళ్ల తరబడి సిగరెట్లు తాగాడు, పాత ఫిల్ముల్లో అక్కడ ఏమీ లేదు అంటే మాత్రం ముక్క తీయకుండా ఊరుకోకూడదు, క్యాన్సర్‌ని ఫంగస్ అనుకుని ఆర్నెల్లు మందు వాడితే ఆ ఆర్నెల్లు తిరిగి రావు. బ్రాంకోస్కోపీ, బయటినుంచి సీటీ చూస్తూ సూది, ఈ రెండింట్లో ఏదన్నది గడ్డ ఎక్కడుంది అన్నదాన్నిబట్టి డాక్టర్ చెప్తారు, గాలిగొట్టాలకి దగ్గరుంటే మొదటిది, ఛాతీ గోడకి ఆనుకుని ఉంటే రెండోది.

తేలాక ఏంటి

సైనస్ ఫంగస్ బాల్‌కి జవాబు సూటిగా ఉంటుంది, ఎండోస్కోపీ ఆపరేషన్‌తో దారి వెడల్పు చేసి మొత్తం కడిగి తీసేయడం. ఇమ్యూనిటీ బాగున్నవాళ్లకి తర్వాత యాంటీఫంగల్ మాత్రలు అక్కర్లేదు, మళ్లీ రావడం కూడా చాలా తక్కువ. మాత్రలతో గడ్డ కరుగుతుందని నెలల తరబడి వాడటం వల్ల లివర్‌కి తిప్పలు తప్ప ఒరిగేదేం లేదు, రక్తం పారని గడ్డలోకి మందు వెళ్లదు. లక్షణాలేమీ లేకుండా వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడి, మనిషి బాగా పెద్దవాళ్లై మత్తు ఇవ్వడం ప్రమాదం అయితే ఆగి చూసుకుంటారు. కీమో, మార్పిడి ఆపరేషన్ లాంటివి ముందున్నాయంటే మాత్రం ముందే తీయించేసుకోవడం మంచిది.

ఊపిరితిత్తుల గడ్డకి మూడు దారులు. ఒకటే గడ్డ, ఇబ్బంది లేదు, నెలల తరబడి మారలేదు అంటే ఊరికే కనిపెట్టుకుని ఉండటం, కొద్దిమందిలో దానంతటదే పోతుంది కూడా. ఒకటే గడ్డ ఉండి రక్తం పడుతుంటే, మిగతా ఊపిరితిత్తి ఆపరేషన్‌కి తట్టుకుంటే కోసి తీసేయడం, పూర్తిగా నయం చేయగలిగేది ఇదే. క్యావిటీలు చాలా ఉండి చుట్టూ పాకుతుంటే, లేదా ఊపిరి బలం చాలకపోతే కనీసం ఆర్నెల్లు ఇట్రాకొనజోల్ లేదా వోరికొనజోల్, మధ్యమధ్యలో లివర్ పరీక్షలు, రక్తంలో మందు ఎంతుందో చూసే టెస్టు. ఈ చివరి టెస్టు చాలామంది మానేస్తారు, కానీ ఇట్రాకొనజోల్ ఒంటికి పట్టడం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది, క్యాప్సూల్ రకం అయితే తిండితో వేసుకోవాలి, గ్యాస్ మాత్రలు వాడితే సరిగ్గా పట్టదు. వోరికొనజోల్ వాడేవాళ్లు ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది, కప్పుకుని వెళ్లండి.

రక్తం సంగతి తేలిగ్గా తీసుకోకండి. కళ్లెలో చారలు పడుతుంటే రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఇచ్చి చూస్తారు. ఎక్కువ పడితే తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి రక్తం కారే నాళాన్ని మూసేసే ఎంబొలైజేషన్ చేస్తారు. అది ప్రాణం కాపాడుతుంది గానీ గడ్డ అక్కడే ఉంటుంది కాబట్టి కొత్త నాళాలు పుట్టుకొచ్చి నెలల్లోనో ఏళ్లలోనో మళ్లీ పడొచ్చు, ఆగింది కదా అని ఫాలోఅప్ మానేయకండి, ఆ విరామంలోనే ఆపరేషన్ కుదురుతుందో లేదో తేల్చుకోవాలి. ఇంట్లో ఉండగా ఒక్కసారిగా ఎక్కువ రక్తం పడితే గడ్డ ఏ వైపు ఉందో ఆ వైపు కిందికి వచ్చేలా పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, అలా చేస్తే రక్తం మంచి ఊపిరితిత్తిలోకి పోకుండా ఉంటుంది. అందుకని గడ్డ కుడివైపా ఎడమవైపా అన్నది పేషెంట్‌కే కాదు, ఇంట్లో ఉండే మిగతావాళ్లకీ తెలిసి ఉండాలి.